‘నాన్నకు ఫోన్ చేతకావడం లేదు’ అంటున్నారా?

సోమవారం ఓపీ. పంతొమ్మిదేళ్లుగా మధుమేహంతో ఉన్న ఒక రిటైర్డ్ హెడ్మాస్టర్‌ను కొడుకు వెంటబెట్టుకొచ్చాడు. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 10 దాటి ఉంది. మందులు సరిగా వేసుకుంటున్నారా అని ఆయన్ను అడిగితే కొడుకు జవాబు చెప్పాడు.

‘‘ఉంటే వేసుకుంటారండీ. అయిపోతే చెప్పరు. ఇదివరకు మందులు తనే ఫోన్లో తెప్పించుకునేవారు. ఏడాదిగా నాన్నకు ఫోన్ చేతకావడం లేదు. వయసు కదా!’’

మాస్టారు తలొంచుకుని కూర్చున్నారు. నా ఫోన్లో ఒక మెసేజ్ తెరిచి చదవమన్నాను. ఆయన ఫోన్‌ను కాస్త పక్కకు జరిపి, మెడ వంచి, ఓరగా చూశారు. ‘‘మధ్యలో చెరిపేసినట్టు ఉందండీ’’ అన్నారు. కంటి విభాగానికి పంపిస్తే రెండు కళ్లలోనూ డయాబెటిక్ రెటినోపతి, దాంతోపాటు చూపుకు కేంద్రమైన మాక్యులాలో నీరు చేరడం బయటపడ్డాయి. ఏడాదిగా ఆయన ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఫోన్ పక్కన పెట్టేశారు, అంతే. చూపు సరిగా లేదని పిల్లలకు చెప్పడం కన్నా ‘చేతకాదు’ అనిపించుకోవడమే ఆయనకు తేలికైంది.

చాలా ఏళ్లుగా నేను పెద్ద వయసు రోగులను మెట్లెక్కగలుగుతున్నారా, స్నానం సొంతంగా చేసుకుంటున్నారా అని అడుగుతూ వస్తున్నాను. ఆ రోజు నుంచి ఇంకో ప్రశ్న చేర్చాను: ‘ఫోన్ మీరే వాడుకుంటున్నారా? మానేస్తే ఎప్పటి నుంచి?’ ఇంట్లో మీరు కూడా ఇదే ప్రశ్న అడగండి. నిన్నటి దాకా చక్కగా వాడిన మనిషి ఫోన్ వదిలేశారంటే కారణం కంట్లో ఉండొచ్చు, చేతిలో ఉండొచ్చు, మెదడులో ఉండొచ్చు. ఆ యాప్‌లోనే ఉండొచ్చు కూడా. మనం చివరిదాన్ని అసలు లెక్కలోకి తీసుకోం.

తెర ముందు ఎవరికి ఏ ఇబ్బంది?

మాక్యులా దెబ్బతిన్నవారికి గది కనిపిస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది, ఇంట్లో తడుముకోకుండా తిరుగుతారు. అక్షరం మాత్రం అందదు. అందుకే ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు. నీటికాసుల జబ్బు ముదిరితే వరస తిరగబడుతుంది. చూపు చుట్టూతా నుంచి లోపలికి కుంచించుకుపోతుంది. తెర పైమూల వచ్చిన హెచ్చరిక, కిందిమూల ఉన్న బటన్ ఒకేసారి కంట పడవు. శుక్లాలు ఉన్నవారికి తెల్లటి తెర వెలుగు కళ్లలో గుచ్చుకుంటుంది, దానిమీది లేత బూడిదరంగు అక్షరాలు అందులో కలిసిపోతాయి. ఈ లేత బూడిదరంగు ఫ్యాషన్ ఎవరు మొదలుపెట్టారో గానీ, నలభై దాటిన నా కళ్లకే అది పరీక్ష పెడుతోంది. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. తెలుపు మీద నలుపైతే అది 21:1. అంటే అడుగుతున్నది మరీ పెద్ద కోరికేమీ కాదు.

పార్కిన్సన్స్ రోగిని చూడండి. ఒక బటన్ నొక్కబోతే వణికే వేలు పక్కదాన్ని తాకుతుంది. చేతి కదలికలు నెమ్మదిస్తాయి కాబట్టి ఓటీపీ కొట్టేలోపు గడువు అయిపోతుంది. మళ్లీ మొదటికి. ఈ జబ్బులో రెప్పలు ఆర్పడం కూడా తగ్గిపోతుంది, ముఖంలో కదలికలు మందగిస్తాయి. అలాంటివారిని కెమెరా ముందు కూర్చోబెట్టి ‘కళ్లార్పండి’ అంటుంది ఆ తెర. ముఖ పక్షవాతం వచ్చి ఒక కన్ను మూతపడనివారిదీ ఇదే అవస్థ.

పక్షవాతంలో మెదడు కుడి సగం దెబ్బతిన్న కొందరికి కళ్లు బాగానే ఉన్నా ఎడమవైపు ప్రపంచం గుర్తుకు రాదు. కంచంలో ఎడమ సగం అన్నం అలాగే వదిలేసి లేస్తారు. తెర మీద ఎడమ అంచున ఉన్న ‘వెనక్కి’ గుర్తు వాళ్లకు లేనట్టే. ఎడమ సగం దెబ్బతింటే కొందరికి చదివింది అర్థం చేసుకునే శక్తి తగ్గుతుంది. పేజీల కొద్దీ నిబంధనలు పెట్టి ‘అంగీకరిస్తున్నాను’ నొక్కమంటే వాళ్లు ఎక్కడని వెతుక్కుంటారు? చిన్న వాక్యాలు, వాటి పక్కన బొమ్మలు ఉంటే చాలామంది సొంతంగా దారి పట్టగలరు.

వినికిడి తగ్గినవారికి ‘తెలుగు కోసం రెండు నొక్కండి’ అనే గొంతు వినపడదు. వీడియోలో వివరాలు అడిగే ఉద్యోగి మాటలకు తెర మీద అక్షరాలు రావు. ఇక వేలిముద్రలు. వయసుతో చర్మం అరిగిపోతుంది. కుష్ఠు వ్యాధిలో వేళ్లే దెబ్బతింటాయి. కెపెసిటాబిన్ లాంటి క్యాన్సర్ మాత్రలు వాడేవారిలో కొందరికి ముద్రలు చెరిగిపోతాయి. యంత్రం మాత్రం ‘మళ్లీ ప్రయత్నించండి’ అంటూనే ఉంటుంది.

ర్యాంపు లేని మెట్లు

2011 జనగణనలో దేశంలో 2.68 కోట్ల మంది వైకల్యంతో ఉన్నట్టు నమోదైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షలకు పైగా. మా మాస్టారిలాంటి వారు సాధారణంగా ఆ లెక్కలో ఉండరు. ఆయన తనను తాను దివ్యాంగుడని అనుకోరు, ధ్రువపత్రం కోసం వెళ్లరు. కానీ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాన్ని చూసే తీరు వేరు. దీర్ఘకాలంగా ఉన్న లోపం, ఎదుట ఉన్న అడ్డంకి రెండూ కలిసి మనిషిని సమాజంలో అందరితో సమానంగా పాల్గొననివ్వకపోతే అది వైకల్యమే. రిజర్వేషన్ల వంటివాటికి 40 శాతం వైకల్యం ఉండాలి గానీ, వెబ్‌సైటు తనకు అందేలా ఉండాలని అడగడానికి ఆ గీత అక్కర్లేదు.

ఈ చట్టంలోని 42వ సెక్షన్ డిజిటల్ సమాచారం గురించే. శబ్దం, అచ్చు, ఎలక్ట్రానిక్ రూపాల్లో ఉన్న సమాచారమంతా దివ్యాంగులకు అందేలా ఉండాలని ప్రభుత్వానికి బాధ్యత పెట్టింది. 46వ సెక్షన్ ఇంకో అడుగు వేసి, సేవలు అందించేవారు ప్రభుత్వమైనా ప్రైవేటైనా నియమాలు వెలువడ్డ రెండేళ్లలో తమ సేవలను అందుబాటులోకి మార్చుకోవాలంది. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి. ఆ రెండేళ్లు ఎప్పుడో గడిచిపోయాయి. ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009 నుంచే మార్గదర్శకాలున్నాయి, వాటి మూడో కూర్పు 2023లో వచ్చింది. ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం కూడా ఉంది. దాన్ని 2023లో నియమాల్లో చేర్చారు. ఇన్ని ఉన్నా మన ఇంట్లో పెద్దాయన తెర ముందు ఎందుకు ఆగిపోతున్నారు?

ఆ ప్రశ్నకు సుప్రీంకోర్టులో కొంత సమాధానం దొరికింది. చూపు లోపం ఉన్న రాజీవ్ రతూరి 2005లో ఒక ప్రజాహిత వ్యాజ్యం వేశారు. అందుబాటు విషయంలో దేశంలో ఏం జరుగుతోందో చూసి చెప్పే పనిని కోర్టు హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఉన్న వైకల్య అధ్యయన కేంద్రానికి అప్పగించింది. ఆ నివేదిక చూశాక 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. చట్టమేమో ‘తప్పనిసరి’ అంటోంది, నియమాల్లోని 15వది మాత్రం అన్నిటినీ ‘పాటిస్తే మంచిది’ అన్నట్టుగా వదిలేసింది. కాబట్టి ఆ నియమం చట్టానికే విరుద్ధం అని కోర్టు తేల్చింది. వీటిలో ఏవి తప్పనిసరో విడదీసి మూడు నెలల్లో కొత్త నియమాలు చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది.

నాకు ఈ తీర్పు బాగా అర్థమైంది. వైద్యంలోనూ ఇదే చూస్తాం కదా. చీటీ మీద ‘వీలైతే వేసుకోండి’ అని రాసిన మందును ఎవరూ వేసుకోరు.

రెండో తీర్పు 2025 ఏప్రిల్ 30న వచ్చింది. యాసిడ్ దాడిలో కళ్లు, ముఖం తీవ్రంగా దెబ్బతిన్న ప్రజ్ఞా ప్రసూన్ 2023లో ఖాతా తెరవడానికి ఒక బ్యాంకుకు వెళ్లారు. డిజిటల్ కేవైసీలో కెమెరా ముందు కళ్లార్పి తాను బతికి ఉన్న మనిషినని చూపాలన్నారు. రెప్పలు ఆర్పలేని మనిషిని! ఆమె వేసిన కేసుతో పాటు, పూర్తిగా చూపులేని న్యాయవాది అమర్ జైన్ వేసిన కేసును కూడా కలిపి కోర్టు విచారించింది. డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పి 20 ఆదేశాలు ఇచ్చింది. కళ్లార్పడం ఒక్కటే పద్ధతి కాకూడదు, ప్రత్యామ్నాయాలు ఉండాలి. యాప్‌లను, సైట్లను నిపుణులతో ఎప్పటికప్పుడు తనిఖీ చేయించాలి. తయారుచేసేటప్పుడే చూపు లేనివారితో వాడించి చూడాలి. యంత్రం తిరస్కరించిన దరఖాస్తును మనిషి మళ్లీ పరిశీలించే ఏర్పాటు ఉండాలి. అదే ఏడాది ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు తన కేవైసీ నిబంధనలను సవరించింది. దివ్యాంగుల దరఖాస్తును ఆలోచించకుండా తిరస్కరించరాదు, తిరస్కరిస్తే కారణం రాసిపెట్టాలి అంది.

కాబట్టి బ్యాంకు కౌంటర్‌లో ‘సిస్టమ్ తీసుకోవట్లేదండీ’ అని ఎవరైనా అంటే, సంభాషణ అక్కడితో ముగిసిపోనక్కర్లేదు.

చట్టానికి పళ్లున్నాయా అంటే, ఉన్నాయి గానీ పాలపళ్లు. 89వ సెక్షన్ ప్రకారం మొదటి ఉల్లంఘనకు రూ.10 వేల దాకా జరిమానా, తర్వాతి వాటికి రూ.50 వేల నుంచి రూ.5 లక్షల దాకా. పెద్ద కంపెనీకి మొదటి అంకె ఒక సాయంత్రపు టీ ఖర్చు.

నేను చేసిన పొరపాటు

ఇంత చెబుతున్న నేను కూడా తప్పు చేసినవాణ్నే. ఇది మాస్టారు నా దగ్గరికి రావడానికి ముందు జరిగింది. హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుకుంటున్న, చూపు లేని ఒక అమ్మాయి నీరసంగా ఉందని వచ్చింది. రక్త పరీక్షలు రాశాను. మర్నాడు రిపోర్టు నా చేతికి వచ్చింది. హెపటైటిస్ బి పాజిటివ్. పాపం మళ్లీ అంత దూరం ఎందుకు రావాలి అనుకుని, కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను. సాయం చేశాననే అనుకున్నాను.

ఆమె ఫోన్‌లో తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఉంది. మెసేజ్‌లు చదువుతుంది, మెయిల్ చదువుతుంది. ఫొటో వస్తే మాత్రం ‘ఫొటో’ అని చెప్పి ఊరుకుంటుంది. ఆమె పక్క మంచం అమ్మాయికి ఫోన్ ఇచ్చి చదవమంది. ఆ పిల్ల గట్టిగా చదివింది. సాయంత్రానికి మెస్‌లో ఆమె కంచం వేరైపోయింది.

కంచంతో, గ్లాసుతో, పక్కన కూర్చుంటే హెపటైటిస్ బి అంటదు. రక్తం ద్వారా, లైంగికంగా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. హాస్టల్‌కు ఫోన్ చేసి వార్డెన్‌కు ఈ మాట చెప్పాను. చెప్పగానే అంతా సర్దుకుపోయిందని అనను. తర్వాత వచ్చినప్పుడు ఆ అమ్మాయి నాతో ఒక్క మాటే అంది. ‘‘సార్, టైప్ చేసి పంపి ఉంటే నాకు ఒక్కదానికే తెలిసేది.’’

ల్యాబ్ కంప్యూటర్‌లో తయారయ్యే రిపోర్టు నేరుగా పీడీఎఫ్‌గా పంపితే మామూలుగా స్క్రీన్ రీడర్ చదువుతుంది. అదే కాగితం మీద ముద్రించి, ఫొటో తీసి పంపితే చదవాల్సిన అక్షరాలు బొమ్మగా మారిపోతాయి. పైసా ఖర్చు లేని తేడా ఇది. మీ ఇంట్లో చూపు తగ్గినవారు ఉంటే ల్యాబ్‌ను ‘ఫొటో వద్దు, కంప్యూటర్ నుంచి వచ్చిన పీడీఎఫ్ పంపండి’ అని అడగండి. వైద్యుణ్ని మందుల పేర్లు, వేళలు టైప్ చేసి మెసేజ్ పెట్టమని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. 25వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నిటిలోనూ దివ్యాంగులకు అడ్డంకులు లేని వైద్యం అందాలి, చూపించుకోవడంలో వారికి ప్రాధాన్యం ఉండాలి.

ఇంట్లో మొదలుపెట్టాల్సినవి

ముందు కంటి పరీక్ష. మధుమేహం ఉన్నవారికి చూపు బాగున్నట్టే అనిపించినా ఏటా రెటీనా పరీక్ష చేయించాలి. నీటికాసులు నొప్పి లేకుండా చూపును తినేస్తాయి. ఉన్నట్టుండి ఫోన్ వాడటం తడబడితే, దానికి తోడు మాట ముద్దగా వస్తే, మూతి వంకరపోతే, చేయి పడిపోతే అది ఫోన్ సమస్య కాదు, పక్షవాతం. వెంటనే ఆసుపత్రికి.

తర్వాత ఫోన్. సెట్టింగ్స్‌లో ‘యాక్సెసబిలిటీ’ అనే విభాగాన్ని చాలామంది ఎప్పుడూ తెరిచి ఉండరు. అక్షరాల సైజు, రంగుల తేడా పెంచుకోవడం, తెరలో కావలసిన భాగాన్ని పెద్దది చేసి చూడటం అన్నీ అందులోనే ఉంటాయి. చూపు బాగా తగ్గినవారికి ఆండ్రాయిడ్‌లో ‘టాక్‌బ్యాక్’, ఐఫోన్‌లో ‘వాయిస్‌ఓవర్’ ఉన్నాయి. కంప్యూటర్‌కైతే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. టాక్‌బ్యాక్ పెట్టగానే ఇంట్లో అందరూ కంగారుపడతారు, ఎందుకంటే ఫోన్ పనిచేసే తీరే మారిపోతుంది. ఒకసారి తాకితే అక్కడున్నది చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుస్తుంది. పాడైపోయిందని తీసేయకండి. వారం రోజులు ఓపిక పట్టండి. ఇయర్‌ఫోన్ తప్పనిసరి, లేకపోతే బ్యాంకు బ్యాలెన్స్ బస్సంతా వింటుంది. వినికిడి తగ్గినవారికి ఎదుటివారి మాటలను తెర మీద తెలుగు అక్షరాల్లో చూపించే లైవ్ ట్రాన్స్‌క్రైబ్ ఉంది. నోటు విలువ చెప్పడానికి రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన ‘మణి’ యాప్ ఉంది.

పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రానికి ముఖం చూపించడం ఒక్కటే దారి కాదు. వేలిముద్ర, కనుపాప పద్ధతులూ ఉన్నాయి. పోస్ట్‌మన్‌ను ఇంటికే రప్పించుకోవచ్చు. ఒకటి కుదరలేదని నాన్నగారిని అదే కెమెరా ముందు పదిసార్లు కూర్చోబెట్టకండి.

డబ్బు సంగతి కాస్త సున్నితం. ‘ఎందుకు శ్రమ, పిన్ నాకు చెప్పెయ్ నాన్నా’ అనడం ప్రేమే, కాదనను. కానీ పిన్ పిల్లల చేతికి వచ్చిన ఇళ్లలో పెద్దవాళ్లు మందు మానేయడం, ‘అబ్బాయిని అడగాలి’ అని పరీక్ష వాయిదా వేయడం నేను రోజూ చూస్తున్నాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆటో డ్రైవర్‌కు ఫోన్ ఇచ్చి ఓటీపీ చదివించుకున్న పెద్దావిడ కూడా నాకు తెలుసు. తన డబ్బు వ్యవహారాలు తానే చూసుకునే హక్కు దివ్యాంగులకు ఉందని 13వ సెక్షన్ చెబుతోంది. పిన్ అడిగే ముందు సెట్టింగ్స్ ఒకసారి తెరిచి చూడండి.

ఇన్ని చేసినా యాప్ లొంగకపోతే అప్పుడు ఫిర్యాదు. స్క్రీన్ రీడర్ ప్రతి బటన్‌నూ దాని పేరుతో పిలుస్తుంది. ఆ పేరు రాయాల్సింది యాప్ తయారుచేసినవారు. వాళ్లు రాయకపోతే ‘బటన్’ ‘బటన్’ ‘బటన్’ అంటూ పోతుంది, ఏది డబ్బు పంపేదో ఏది రద్దు చేసేదో తెలియదు. ఫిర్యాదులో ఇలాంటివే రాయండి: ఏ ఫోన్, ఏ పేజీ, ఏ బటన్ దగ్గర ఆగిపోయారు. ముందు ఆ సంస్థకు రాతపూర్వకంగా పంపండి. బ్యాంకైతే 30 రోజులు చూసి, జవాబు రాకపోయినా నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. మిగతా సంస్థలపై రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు గానీ, ఢిల్లీలోని చీఫ్ కమిషనర్‌కు గానీ రాయొచ్చు. కేంద్రం 2021లో తెచ్చిన ‘సుగమ్య భారత్’ యాప్‌లో ఫొటోతో సహా ఫిర్యాదు పెట్టొచ్చు.

మాస్టారు నాలుగు నెలల తర్వాత మళ్లీ వచ్చారు. కంట్లో ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. చూపు పూర్తిగా రాలేదు, మధ్యలో మసక ఉంది. హెచ్‌బీఏ1సీ 7.8కి దిగింది. చొక్కా జేబులోంచి ఇయర్‌ఫోన్ తీగ వేలాడుతోంది. మనవరాలు నేర్పిందట. మందులు తెప్పించుకునే యాప్ మాత్రం ఆయనకు ఇప్పటికీ పేరులేని బటన్ల వరసే. అందుకని దుకాణానికి ఫోన్ చేసి తెప్పించుకుంటున్నారు. ఆ కంపెనీకి మాత్రం, గొంతుతో చెప్పి టైప్ చేయించి, మనవరాలితో దిద్దించి, రెండు పేజీల తెలుగు ఉత్తరం పంపారు. నకలు ఒకటి నాకూ ఇచ్చారు. జవాబు రావాల్సి ఉంది.